వంకర కాళ్ళమీద విచారణ

ఈ శీర్షిక కింద మేము ఇంతవరకు కందిపప్పు ధర గురించి, పింఛను కాగితాల గురించి, పెళ్ళిపందిళ్ళ ఖర్చు గురించి రాసుకుంటూ వచ్చాము. ఈ నెల కాళ్ళ గురించి రాయవలసి వచ్చింది. చదువరులు నవ్వవచ్చును. మేము వైద్యులము కాము. మెట్రిక్ పాసయి, ఇరవై రెండేళ్ళుగా బరంపురంలో ఒక ఆఫీసు బల్లవెనక కూర్చుంటున్న గుమాస్తాలము. పరుగంటే మాకు తెలిసినది కదలిపోతున్న బస్సు వెనక తీసే పరుగొక్కటే. అయినా ఈ కాళ్ళ సంగతిలో మేము ఒక తప్పు చేశాము. దాన్ని దిద్దుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. అదే తప్పు మరొక ఇంట్లో జరగకుండా ఉంటే మంచిదని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాము.

మా అక్కగారి అమ్మాయికి ఇరవయ్యో ఏడు నడుస్తున్నది. డిగ్రీ చదువుతూ పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికి తయారవుతున్నది. మన పిల్లలందరిలాగే ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నేర్చిన పిల్ల. రాతపరీక్షకు భయం లేదు. ఉన్న భయమల్లా పరుగుపరీక్ష. బావగారు పోయి నాలుగేళ్ళయినది. అక్క కుట్టుమిషను మీద, అమ్మాయి చెప్పే ట్యూషన్లమీద ఆ ఇల్లు నడుస్తున్నది. కాబట్టి ఆ పిల్ల తెల్లవారుజామున లేచి మైదానానికి వెళ్ళడం సరదాకి కాదు.

రథయాత్ర వెళ్ళిన మరునాటి సాయంత్రం అమ్మాయి మా ఇంటికి వచ్చింది. వీధి అరుగు మెట్లు మూడే. ఆ మూడూ ఎక్కడానికి గోడ పట్టుకున్నది. ఏమమ్మా అంటే ఏమీ లేదన్నది. కూర్చుని లేచేటప్పుడు మొహం ముడుచుకున్నది. మా ఇంటావిడ గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది. కుడి మోకాటిచిప్ప ముందుభాగాన వారంరోజులుగా నొప్పి. మెట్లు దిగితే ఎక్కువ, ఎక్కువసేపు కూర్చుని లేస్తే ఇంకా ఎక్కువ.

మర్నాడు అక్క వచ్చింది. తీర్పు వెంటపెట్టుకునే వచ్చింది.

"ఒరే తమ్ముడూ, చిన్నప్పట్నించీ దాని మోకాళ్ళు ఒకదానికొకటి ఒరుసుకుంటాయిరా. మీ బావగారు ఉన్నప్పుడే అనేవారు. అవి పరిగెత్తే కాళ్ళు కావు. రేపు పెళ్ళి కావలసిన పిల్ల. మోకాళ్ళు పోగొట్టుకుంటే ఎవరు చేసుకుంటారు?"

అక్క అన్నదానిలో మొదటి మాట నిజమే. అమ్మాయి నిటారుగా నిలబడి మోకాళ్ళు కలిపితే రెండు చీలమండలకూ నడుమ మూడు వేళ్ళు పడతాయి. పైగా అరికాలి వంపు తక్కువ, తడికాలితో గచ్చుమీద నడిస్తే పాదమంతా అచ్చు పడుతుంది. ఇది విని మేము అమ్మాయిని ఒక బూట్ల దుకాణానికి తీసుకువెళ్ళాము. అక్కడి కుర్రవాడు ఆమెను అద్దంబల్లమీద నిలబెట్టి, పాదాలు లోపలికి పడుతున్నాయని, అందువల్లనే మోకాళ్ళు లోపలికి తిరుగుతున్నాయని, అందుకే నొప్పి అని, ఒకదానిలోంచి ఒకటి తీసి చూపించాడు. అతడు చెబుతుంటే నమ్మకుండా ఉండడం కష్టం. లోపలివైపు గట్టిగా ఉండే బూట్లు, వాటిలో వేసుకునే మెత్తలు కలిపి మాకు పదిహేను రోజుల కిరాణా ఖర్చయినది. వారం గడిచింది. నొప్పి అలాగే ఉన్నది.

అప్పుడు మేము కూడా అక్క పక్షం చేరాము. "మానెయ్యి తల్లీ, దేవుడిచ్చిన కాళ్ళు అవి. ఇంకేదైనా పరీక్ష రాద్దువుగాని" అన్నాము.

ఆ పిల్ల ఏడవలేదు. తల వంచుకునే ఒక్క మాట అడిగింది. "మావయ్యా, మీ ఆఫీసులో ఫైలు చూడకుండానే సంతకం పెడతారా?"

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా బడబాబుగారు ఇరవై రెండేళ్ళలో వందసార్లు చెప్పిన మాట అది. ఆఖరికి మా మేనకోడలి నోట వినవలసి వచ్చింది.

సరే, ఫైలు తెరిచాము. ఊళ్ళో ఎముకల వైద్యులొకరిని చూశాము. దొరికినంతవరకు చదివాము. అర్థం కానిచోట మళ్ళీ వెళ్ళి అడిగాము. తేలినది చదువరులకు మనవి చేస్తున్నాము.

ముందుగా, తిన్నని కాళ్ళు అనేవి పుట్టుకతో ఎవరికీ ఉండవు. పుట్టిన శిశువుకు దొడ్డికాళ్ళే, అంటే మోకాళ్ళు ఎడంగా ఉండి కాళ్ళు విల్లులాగా వంగి ఉంటాయి. రెండో ఏడు వచ్చేసరికి ఆ వంపు పోతుంది. తరువాత కాళ్ళు రెండోవైపు తిరిగి, మూడు నాలుగేళ్ళ వయసులో మోకాళ్ళు బాగా ఒరుసుకుంటాయి. ఆరేడేళ్ళకు ఇంచుమించు పెద్దవాళ్ళ కాళ్ళ తీరుకు వస్తాయి. అక్కడ ఆగినప్పుడు ఒకరికి కొంచెం అటు, ఒకరికి కొంచెం ఇటు మిగులుతుంది. ముక్కులు రకరకాలుగా ఉన్నట్టే కాళ్ళూను.

అన్ని వంకరలూ ఇలాంటివే అని మేము అనడం లేదు. వంకర ఒక్క కాలికే ఉన్నా, ఏడేళ్ళు దాటాక పెరుగుతూ ఉన్నా, పిల్లకు నొప్పి, కుంటు ఉన్నా అది వేరే సంగతి. డి విటమిను లోపంవల్ల పిల్లల ఎముకలు మెత్తబడి వంగుతాయి. నల్లగొండ జిల్లాలో తాగేనీటి ఫ్లోరైడువల్ల పిల్లల మోకాళ్ళు విపరీతంగా ఒరుసుకునే రోగం గురించి హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లోనే ప్రకటించారు. అవి రోగాలు. వాటికి వైద్యుడు కావాలి. మా అమ్మాయివి రెండు కాళ్ళూ ఒకే తీరుగా, చిన్నప్పటినుంచి మార్పు లేకుండా ఉన్నాయి. డాక్టరుగారు టేపు పెట్టి కొలిచి, ఇది రోగం కాదు, ఆకారం అన్నారు.

మరి ఆకారంవల్ల పరుగులో దెబ్బ తగలదా? ఇదే అసలు ప్రశ్న.

నడకలో ఎప్పుడూ ఒక పాదమైనా నేలమీద ఉంటుంది. పరుగులో రెండు పాదాలూ గాలిలో ఉండే క్షణం ఒకటి ఉంటుంది. ఆ తరువాత ఒంటికాలిమీద దిగాలి. దిగేటప్పుడు కాలిమీద పడే బలం ఒంటి బరువుకు రెండుమూడింతలు. మా అమ్మాయి బరువు 48 కిలోలు. అంటే ఒక్కొక్క అడుగుకూ దరిదాపు నూరు కిలోలనుంచి నూట నలభై కిలోల దాకా ఆ కాలు మోస్తున్నది. కిలోమీటరుకు ఇంచుమించు వెయ్యి అడుగులు, కాలికి ఐదువందలు. ఆ బరువును ఎముక ఒక్కటే మోయదు. పాదం కొంచెం లోపలికి ఒరుగుతుంది, చీలమండ వంగుతుంది, మోకాలు వంగుతుంది, తుంటి పక్కనున్న కండలు నడుమును కిందికి జారకుండా పట్టుకుంటాయి. దుకాణం కుర్రవాడు జబ్బని చెప్పిన పాదం ఒరగడం నిజానికి బండికి స్ప్రింగులాంటిది. కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. అసలు ఒరగని పాదం ఉంటే అదే కష్టం.

పూర్వం వైద్యులు ఒక లెక్క కట్టేవారు. తుంటి ఎముక ముందు మొననుంచి మోకాటిచిప్ప నడిమికి ఒక గీత, చిప్పనుంచి దాని కిందనున్న ఎముక గుబ్బకు మరొక గీత గీస్తే, ఆ రెంటి నడుమ ఒక కోణం వస్తుంది. ఆడవారికి ఈ కోణం మగవారికంటే సాధారణంగా కొన్ని డిగ్రీలు ఎక్కువ. మోకాళ్ళు ఒరుసుకునేవారికీ ఎక్కువే. కోణం ఎక్కువైతే చిప్ప పక్కకు లాగబడి నొప్పి వస్తుందని అనుకున్నారు. వినడానికి చక్కగా ఉన్నది. కాని పడుకున్నప్పుడో నిలబడ్డప్పుడో కొలిచిన కోణం, పరుగెత్తే కాలు ఎలా కదులుతుందో చెప్పదు. ఈ కోణాన్నిబట్టి ఎవరికి నొప్పి వస్తుందో ముందుగా చెప్పబోతే, ఒక పరిశోధనలో అవుననీ మరొకదానిలో కాదనీ వచ్చింది.

ఆఫీసు అలవాటు కొద్దీ మేము జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు రాశాము. అమెరికా సైన్యంలో కొత్తగా చేరిన 246 మంది కాల్బలం వారిని పరీక్షించి 1993లో ఒక ఫలితం ప్రకటించారు. అందులో పాదాలు అందరికంటే చదునుగా ఉన్నవారికే దెబ్బలు తక్కువ, అరికాలి వంపు ఎక్కువగా ఉన్నవారికి ఎక్కువ. మనం అనుకునేదానికి తలకిందులు. అయితే 1996లో అటువంటి సైనికులమీదనే జరిగిన మరొక పరిశీలనలో, మోకాళ్ళు బాగా ఒరుసుకునేవారికి దెబ్బలు కొంత ఎక్కువని తేలింది. ఇది అక్క పక్షాన రాయవలసిన పద్దు. రాశాము.

తరువాత 2009, 2010 సంవత్సరాలలో ఆ దేశపు సైన్యం, వైమానిక దళం, మెరైను దళం మూడింటిలోనూ కొత్తవారిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు పాదం ఆకారం చూసి తగిన బూట్లు, రెండో జట్టుకు ఆకారం చూడకుండా అందరికీ ఒకే రకం బూట్లు. దెబ్బలు లెక్కపెడితే రెండు జట్లకూ చెప్పుకోదగిన తేడా లేదు. డెన్మార్కులో 927 మంది కొత్తగా పరుగు మొదలుపెట్టినవారికి ఒకే మామూలు రకం బూట్లిచ్చి ఏడాదిపాటు గమనించారు. పాదం లోపలికి ఒరిగేవారికి దెబ్బలు ఎక్కువేమీ కాలేదని 2014లో ప్రకటించారు. ఈ సంగతి చదివిన రోజున మా పదిహేను రోజుల కిరాణా గుర్తుకు వచ్చింది.

మనుషులను చూసినా ఇదే తోస్తుంది. బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు గరించాకు ఒక కాలు లోపలికి, ఒక కాలు బయటికి వంగి ఉండేవి, రెండు కాళ్ళ పొడవూ సమానం కాదు. ఆ కాళ్ళతోనే 1958లోనూ 1962లోనూ ప్రపంచకప్పు గెలిచిన జట్టులో ఆడాడు. అమెరికా అమ్మాయి విల్మా రుడాల్ఫ్ చిన్నతనంలో పోలియో వచ్చి కాలికి ఇనుప కట్టుతో నడిచింది. 1960 రోము ఒలింపిక్సులో మూడు బంగారు పతకాలు గెలిచింది. 2009లో బెర్లినులో నూరు మీటర్లు 9.58 సెకండ్లలో పరుగెత్తిన ఉసేన్ బోల్టుకు వెన్నెముక వంకర, కుడికాలు ఎడమకాలికంటే అర అంగుళం పొట్టి. 2017లో డల్లాసు నగరపు విశ్వవిద్యాలయం వారొకరు అతని పరుగును కొలిచి, కుడికాలు నేలను తాకే బలం ఎడమకంటే దరిదాపు నూటికి 13 వంతులు ఎక్కువని చెప్పారు. అటువంటి వాడిని మన వీధిలో చూసి ఉంటే మనమేమని ఉండేవాళ్ళమో చదువరులే ఆలోచించాలి.

ఆడపిల్లలకైతే ఈ తీర్పు మరీ తేలికగా పడిపోతుంది. 1928 ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్సులో ఆడవారికి 800 మీటర్ల పరుగు పెట్టారు. అది వారి శరీరానికి తగదని తీసివేసి, మళ్ళీ పెట్టడానికి 1960 దాకా ఆగారు. ఆడవారి మారథాను 1984లోగాని రాలేదు. కాళ్ళు మారలేదు, చూసేవాళ్ళ కళ్ళు మారాయి. మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి ఈ ఒడిశాకే వచ్చి, భువనేశ్వరులో సాధన చేసి, 2023లో బాంకాకులో జరిగిన ఆసియా పోటీలలో నూరు మీటర్ల హర్డిల్సులో బంగారు పతకం తీసుకున్నది. ఆ ఫోటో మా మేనకోడలు పుస్తకాల అలమరలో అంటించుకున్నది.

మరి కాళ్ళు కారణం కాకపోతే నొప్పి ఎక్కడినుంచి వచ్చింది?

డాక్టరుగారు ఒడియావారు. అమ్మాయి మోకాలు అటూ ఇటూ వంచి చూశారు. ఒంటికాలిమీద నాలుగుసార్లు సగం కూర్చుని లేవమన్నారు. తరువాత కాళ్ళ సంగతి వదిలిపెట్టి, "ఇంతకు ముందు వారానికి ఎంత పరుగెత్తేదానివి, ఇప్పుడెంత?" అని అడిగారు. అమ్మాయి చెప్పింది. ఆయన నవ్వి, "ఎతె తరతర కాహింకి?" అన్నారు. ఇంత తొందర ఎందుకమ్మా అని.

అక్క ఇంట్లో పాలలెక్క రాసుకునే క్యాలెండరు ఒకటి ఉన్నది. అమ్మాయి తన పరుగుకూడా దానిమీదనే రాసుకునేది. మేము దాన్ని ఇంటికి తెచ్చి, గీతల కాగితంమీద వారాలవారీగా ఎక్కించాము. లెక్క ఇలా ఉన్నది. ఉద్యోగ ప్రకటన రాకముందు వారానికి మూడు రోజులు, రోజుకు రెండు కిలోమీటర్లు, మొత్తం ఆరు. ప్రకటన వచ్చిన వారం ఆరు రోజులు మూడేసి చొప్పున 18. పై వారం ఐదేసి చొప్పున 30. ఆ పై వారం అవే 30, మీద ఆదివారంనాడు స్నేహితురాలితో గోపాలపురం సముద్రపు ఒడ్డున ఆరు, వెరసి 36. నాలుగోవారం మంగళవారం గడిలో కిలోమీటర్లు లేవు, "నొప్పి" అని మాత్రం ఉన్నది.

కాలికి కిలోమీటరుకు ఐదువందల అడుగుల చొప్పున, ఆరు కిలోమీటర్లకు మూడువేల దిగుళ్ళు. ముప్పై ఆరుకు పద్ధెనిమిది వేలు. మూడు వారాల్లో ఆరింతలు. మా ఆఫీసులో ఒక గుమాస్తాకు మూడు వారాల్లో ఆరుగురి ఫైళ్ళు అప్పజెబితే ఏమవుతుందో మాకు తెలుసు. అప్పుడు వాడి చేతిరాత బాగులేదని అనడం ఎంత న్యాయమో, ఈ పిల్ల కాళ్ళు వంకర అనడం అంతే న్యాయం.

డాక్టరుగారు చెప్పిన మరొక సంగతి మాకు బాగా నచ్చింది. పరుగు మొదలుపెట్టిన కొద్ది వారాలకే గుండె, ఊపిరి అలవాటు పడతాయి. ఆయాసం తగ్గుతుంది. ఇంక ఎంతైనా పరుగెత్తగలననిపిస్తుంది. ఎముకలకు, కండలను ఎముకలకు కట్టే తాళ్ళకు అంత తొందరగా బలం రాదు, నెలలు పడతాయి. ప్రతి పరుగూ వాటికి కొంచెం అలుపు తెస్తుంది. విశ్రాంతిలో ఆ అలుపు తీరి, మునుపటికంటే కొంచెం గట్టిపడతాయి. తీరకముందే మళ్ళీ మోపితే బాకీ మిగిలిపోతుంది. మా అమ్మాయి రాత్రి పదకొండుదాకా ట్యూషను కాగితాలు దిద్ది, నాలుగింటికి లేచేది. ఆ బాకీ తీరే వేళే లేదు.

సముద్రపు ఒడ్డు సంగతి కూడా అడిగాము. నీటివైపు ఇసుక వాలుగా ఉంటుంది. ఆ వాలున ఒకే దిక్కుకు పరుగెత్తితే ఒక కాలు పల్లాన, ఒక కాలు మెరకన పడుతుంది. కాళ్ళు సమానంగా ఉన్నవాడు కూడా అక్కడ కుంటివాడిలాగా పరుగెత్తవలసిందే. గట్టు తీసిన రోడ్ల అంచున పరుగెత్తినా ఇదే. అలవాటు లేనివారికి చదునైన మైదానం మేలు.

అయితే కాళ్ళ ఆకారానికి అసలు విలువే లేదా? ఉన్నది. మోకాటి కీలు ముందే అరిగినవారికి, దొడ్డికాళ్ళయితే లోపలివైపు, ఒరుసుకునే మోకాళ్ళయితే బయటివైపు అరుగుదల తొందరగా ముదురుతుంది. మా అమ్మగారి మోకాళ్ళు అటువంటివి. అది వృద్ధుల సంగతి. పరుగెత్తితే ఎవరికైనా మోకాళ్ళు అరిగిపోతాయనే మాట మాత్రం నిలవలేదు. 2017లో ఎన్నో పరిశోధనలను కలిపి లెక్కకడితే, తుంటికీళ్ళ మోకాటికీళ్ళ అరుగుదల సరదాగా పరుగెత్తేవారిలో నూటికి 3.5 మందికి, పరుగెత్తక కూర్చునేవారిలో నూటికి 10.2 మందికి ఉన్నది. పోటీలకోసం విపరీతంగా పరుగెత్తేవారిలో మాత్రం 13.3. బరువు తక్కువ ఉన్నవారే పరుగుకు వెళతారు గనుక ఈ తేడా అంతా పరుగు మహిమే అనడానికి లేదు. అయినా కూర్చునేవాళ్ళ పక్షాన ఉన్న మాకు ఆ 10.2 కొంచెం గుచ్చుకున్నది.

ఇక చేసిన వైద్యం. పూర్తిగా మంచం ఎక్కమనలేదు. రెండు వారాలు నడక, రోజు విడిచి రోజు నెమ్మదిగా ఒక కిలోమీటరు. నొప్పికి ఒక నియమం. పరుగులో కొద్దిపాటి నొప్పి ఉన్నా ఫరవాలేదు గాని, మర్నాటి ఉదయానికి తగ్గిపోవాలి. తగ్గకపోతే ముందటి రోజు ఎక్కువ చేసినట్టు లెక్క. ఆ తరువాత కొంచెం కొంచెంగా పెంచడం, మూడు వారాలకొకసారి పెంచకుండా ఆగడం.

రెండోది, అడుగు చిన్నది చేసి తొందరగా వేయడం. పెద్ద అంగ వేస్తే పాదం ఒంటికి బాగా ముందు పడి, ఆ దెబ్బ మోకాలు తింటుంది. 2011లో అమెరికాలో 45 మందిని పరీక్షించి, నిమిషానికి వేసే అడుగులు నూటికి ఐదునుంచి పది వంతులు పెంచితే మోకాటిమీద భారం తగ్గుతుందని చెప్పారు. మా అమ్మాయి నిమిషానికి 156 అడుగులు వేసేది. గడియారం పట్టుకుని మైదానం గట్టున కూర్చుని లెక్కపెట్టినది మేమే. నెలరోజుల్లో 168కి తెచ్చుకున్నది. వేగం అదే, చప్పుడు తగ్గింది.

మూడోది, తొడలకు తుంటికి బలం. ఒంటికాలిమీద సగం కూర్చున్నప్పుడు ఆమె మోకాలు లోపలికి జారిపోయేది. ఇది ఎముక వంకర కాదు, తుంటి పక్క కండలు అలిసిపోవడం, దీన్ని దిద్దవచ్చునని డాక్టరుగారు అన్నారు. కుర్చీమీదనుంచి ఒంటికాలితో లేవడం, మెట్టుమీద నెమ్మదిగా దిగడం, పక్కకు పడుకుని కాలు ఎత్తడం, మునివేళ్ళమీద లేవడం, వారానికి మూడు రోజులు. వాటితోపాటు గుంజీళ్ళు. బడిలో మాకు శిక్షగా వేయించినవి ఇప్పుడు మందుగా పనిచేస్తున్నాయి. మేము కూడా పది తీయబోయి ఆరో దానితో ఆగాము.

బూట్లమాట అడిగితే, వేసుకుని నాలుగడుగులు పరుగెత్తితే హాయిగా ఉన్నవి కొనుక్కోండి, అరిగితే మార్చండి అన్నారు. అంతే.

ఆయన హెచ్చరించిన సంగతులు కూడా రాయాలి. ఎముకమీద ఒకేచోట వేలు పెడితే చురుక్కుమన్నా, రాత్రి పడుకున్నా నొప్పి ఉన్నా, ఒంటికాలితో గెంతితే భరించలేకపోయినా, కీలు వాచినా, పరుగు ఆపి వెంటనే చూపించుకోవాలి. ఎముకలో సన్నని చీలిక ఉండవచ్చును. ఆడపిల్లలకు తిండి తగ్గి పరుగు పెరిగితే నెలసరి తప్పుతుంది. అది సుఖమని ఊరుకోకూడదు, ఎముకలు బలహీనమవుతున్నాయని గుర్తు. ఈ మాట తల్లులు కూతుళ్ళను మొహమాటం లేకుండా అడగాలి. ఒకసారి దెబ్బ తగిలినవారికి మళ్ళీ తగిలే అవకాశం ఎక్కువ గనుక, మొదటిదాన్ని పూర్తిగా మాననిచ్చిన తరువాతనే తొందరపడాలి.

ఇదంతా జరిగేటప్పుడు అక్క రెండు నెలలు మాతో సరిగా మాట్లాడలేదు. "నువ్వే దాన్ని ఎగదోస్తున్నావు" అన్నది. ఒకనాడు తెల్లవారుజామున మేము గడియారం తీసుకుని వెళ్ళేసరికి, వాళ్ళ ఇంట్లో దీపం వెలుగుతున్నది. అక్క పొయ్యిమీద చోళ్ళ అంబలి కాస్తున్నది. మమ్మల్ని చూసి, "ఖాళీ కడుపుతో పరిగెత్తకూడదన్నారుటగా ఆ డాక్టరు" అని, మాకూ ఒక గ్లాసు ఇచ్చింది.

దసరా వెళ్ళినాక పరుగుపరీక్ష జరిగింది. మేము సెలవుచీటి పెట్టి వెళ్ళాము. లోపలికి రానివ్వలేదు, గేటు బయట నిలబడ్డాము. గంటన్నర తరువాత అమ్మాయి బయటికి వచ్చింది, గోడ పట్టుకోకుండానే. వేళలోపల ముగించింది, పదకొండు సెకండ్లు మిగిలాయట.

ఉద్యోగం ఇంకా రాలేదు. పేర్ల జాబితా రావాలి, ఆ తరువాత వైద్యపరీక్ష ఉన్నది. పోలీసు, సైనిక నియామకాలలో మోకాళ్ళు ఒరుసుకుంటాయా, పాదం చదునుగా ఉన్నదా అని ఇప్పటికీ చూస్తారు. డాక్టరుగారు మీ అమ్మాయిది స్వల్పమే, ధైర్యంగా వెళ్ళమన్నారు. ఏమవుతుందో అప్పటిమాట. కాదన్నా ఆ నియమం ఒక ఉద్యోగం సంగతి చెబుతుందేగాని, ఆ కాళ్ళు పరుగెత్తగలవా లేవా అన్న సంగతి చెప్పదు. దానికి జవాబు క్యాలెండరులో ఉన్నది.

చదువరులలో ఎవరింట్లోనైనా పరుగుపరీక్షకు తయారయ్యే పిల్లలుంటే, ప్రకటన పడకముందే, మూడు నాలుగు నెలల ముందుగానే మొదలుపెట్టించండి. ఒక నోటుబుక్కు కొనివ్వండి. ఎన్ని కిలోమీటర్లు, ఎంతసేపు నిద్ర, ఎక్కడ నొప్పి, ఈ మూడూ రోజూ రాయించండి. నొప్పి వచ్చిననాడు కాళ్ళవంక చూసేముందు ఆ పుస్తకంలో వెనక నాలుగు వారాలు తిరగేయండి.

మేము కొన్న ఆ మెత్తలు వృథా పోలేదు. ఆఫీసులో మా బల్లకు ఒక కాలు మొదటినుంచీ పొట్టి. ఒక మెత్త మడిచి దానికింద పెట్టాము. రెండోది ఉన్నది, కావలసినవారు అడగవచ్చును.